డాక్‌కి గొంతు ఉంటుందా? తూకం రాళ్ల నుంచి చిటికెన వేలంత చిప్పు దాకా

ఇయర్‌ఫోన్ల ఎపిసోడ్ తర్వాత వచ్చిన ప్రశ్నల్లో ఒకే ప్రశ్న రకరకాలుగా కనిపించింది. "అన్నా, ఏ డాక్ కొంటే సౌండ్ వెచ్చగా ఉంటది?" "ఈఎస్ఎస్ చిప్పు పదునుగా ఉంటదట, ఏకేఎం చిప్పు మెత్తగా ఉంటదట, నిజమేనా?" "రెండు నెలలు పైసలు జమ చేసి పెద్దది తీసుకోనా, చిన్నదే తీసుకోనా?" అడిగినవాళ్లలో చాలామంది జీతంలో ఎక్కువ భాగం ఇంటికి పంపి, మెస్సు, రీఛార్జి పోను మిగిలింది దాచుకునేవాళ్లు. ఒక్క ముక్కలో చెప్తే నమ్మరు. అందుకే కథ మొదటినుంచీ రాస్తున్నాను.

డాక్ అంటే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. ఫోన్లో పాట అంకెల రూపంలో ఉంటుంది. చెవికి అంకెలు వినపడవు, గాలి కదలాలి. గాలి కదలాలంటే ఇయర్‌ఫోన్‌లోకి కరెంటు హెచ్చుతగ్గులుగా వెళ్లాలి. అంకెల్ని ఆ హెచ్చుతగ్గులుగా మార్చే చిప్పే డాక్. ఫోన్లో, టీవీలో, కారు స్టీరియోలో, ఆఖరికి బ్లూటూత్ ఇయర్‌బడ్‌లో కూడా ఒకటి ఉంటుంది. అదే పనిని విడిగా ఒక పెట్టెలో పెట్టి అమ్మితే యాభై దిర్హాముల నుంచి లక్ష దిర్హాములు దాటేదాకా ధరలున్నాయి. ఖరీదైన పెట్టెలు అమ్మేవాళ్లు, వాటి గురించి రాసేవాళ్లు ప్రతి దానికీ ఒక గొంతు ఉంటుందంటారు. ఇది వెచ్చన, అది చల్లన, ఇంకోటి పట్టులా ఉంటుందని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డాక్‌ల మధ్య తేడా అనేది ఒకప్పుడు నిజం. ఎందుకు వచ్చిందో లెక్కగట్టి చూపించొచ్చు. ఆ కారణాలను ఇంజనీర్లు నలభై ఏళ్లలో ఒక్కొక్కటిగా తీసేశారు. తేడా దాదాపు పోయింది గానీ, పేరు మిగిలింది. ఇప్పుడు ఎక్కువ మంది పైసలు పెడుతున్నది ఆ పేరుకే.

ఈ కథ సంగీతంతో మొదలవ్వలేదు, టెలిఫోన్‌తో మొదలైంది. 1937లో అలెక్ రీవ్స్ అనే బ్రిటిష్ ఇంజనీర్ పారిస్‌లో ఐటీటీ కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేవాడు. లైన్లో మాట దూరం వెళ్లేకొద్దీ గరగర కలుస్తుంది. మధ్యమధ్య యాంప్లిఫయర్ పెడితే మాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది. రీవ్స్‌కి వచ్చిన ఆలోచన ఏంటంటే, మాటను సెకనుకు వేల సార్లు కొలిచి, ఆ కొలతల్ని ఉంది-లేదు అనే పల్సులుగా పంపడం. దారిలో ఎంత చెత్త కలిసినా అవతలి కొసన పల్స్ ఉందా లేదా తెలిస్తే చాలు, మాటను మళ్లీ శుభ్రంగా కట్టుకోవచ్చు. దీనికి పల్స్ కోడ్ మాడ్యులేషన్ అని పేరు, పొట్టిగా పీసీఎం. 1938లో పేటెంట్ వేశాడు. కానీ అప్పుడున్నవి వాల్వులు. వాటితో ఇంత లెక్క చేయించడం అయ్యే పని కాదు. ట్రాన్సిస్టర్లు వచ్చాక, 1962లో అమెరికాలో బెల్ కంపెనీ టీ1 లైన్లతో దీన్ని నిజంగా వాడకంలోకి తెచ్చింది.

ఫోన్ మాటకు స్థిరపడిన లెక్క సెకనుకు 8,000 కొలతలు, ఒక్కో కొలతకు 8 బిట్లు. మొత్తం సెకనుకు 64,000 బిట్లు. గొంతులో 300 హెర్ట్జ్ నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉన్నదే లైన్లోకి పోతుంది. మనకంటే ముందు గల్ఫ్‌కొచ్చిన తరం కాలింగ్ కార్డు గీకి, బూత్ ముందు లైన్లో నిలబడి విన్న ఇంటి గొంతు ఇదే. పేరు చెప్తే 'స' అన్నారా 'ఫ' అన్నారా అని రెండుసార్లు అడగాల్సి వచ్చేది. ఆ రెండు అక్షరాలను వేరు చేసే సన్నటి శబ్దం ఎక్కువగా 3,400 పైనే ఉంటుంది, లైన్ దాన్ని కత్తిరించేసింది. అక్కడ తప్పు డాక్‌ది కాదు, పంపిన అంకెల్లోనే అది లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

సంగీతానికి ఇంతకంటే చాలా ఎక్కువ కావాలి. మనిషి చెవి పైహద్దు 20,000 హెర్ట్జ్ అంటారు. ఏ శబ్దం కావాలన్నా దానికి రెట్టింపు కంటే ఎక్కువ సార్లు కొలవాలనేది నైక్విస్ట్, షానన్ పేర్లతో ఉన్న సూత్రం. జపాన్ కంపెనీ డెనాన్ 1972లోనే 13 బిట్ల రికార్డర్ తయారు చేసింది. సీడీకి మాత్రం సెకనుకు 44,100 కొలతలు ఖాయమయ్యాయి. ఈ వింత అంకె ఎక్కడిదంటే, అప్పుడు ఇన్ని అంకెల్ని దాచగలిగేది వీడియో టేపు ఒక్కటే. టీవీ బొమ్మలో ఒక్కో గీతకు 3 కొలతలు, ఒక్కో ఫీల్డుకు 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు. మూడూ గుణిస్తే 44,100. ఇప్పటికీ మన ఫోన్లో పాటలు ఆ పాత వీడియో టేపు లెక్క మీదే నడుస్తున్నాయి.

ఇక అసలు చిక్కు. పదహారు బిట్ల అంకెను కరెంటుగా మార్చడం అంటే కిరాణా కొట్లో తూకం వేయడం లాంటిది. మన దగ్గర పదహారు రాళ్లున్నాయనుకోండి. 1 గ్రాము, 2, 4, 8, అలా రెట్టింపవుతూ చివరిది 32,768 గ్రాములు. వీటితో 0 నుంచి 65,535 దాకా ఏ తూకమైనా వేయొచ్చు. ఇప్పుడు 32,767 గ్రాములు తూచాలంటే చిన్న రాళ్లు పదిహేనూ పెట్టాలి. ఇంకొక్క గ్రాము పెంచాలంటే ఆ పదిహేనూ తీసేసి పెద్ద రాయి ఒక్కటే పెట్టాలి. ఆ పెద్ద రాయి పదివేలలో ఒక వంతు ఎక్కువుంటే? ఒక గ్రాము పెరగాల్సిన చోట నాలుగు గ్రాములు దాటి పెరుగుతుంది. అదే తక్కువుంటే, పెరగాల్సింది తగ్గుతుంది.

ఇంతటితో అయిపోలేదు. పాటలో నిశ్శబ్దం, అంటే సున్నా, ఈ తూకంలో సరిగ్గా మధ్యలో ఉంటుంది. పెద్ద రాయి మార్చే చోటూ అదే. డప్పు గట్టిగా మోగేటప్పుడు ఈ తప్పు కనపడదు. పాట ఆగిపోతూ తంబురా నాదం సన్నగిల్లే చోట, పాడే మనిషి ఊపిరి తీసుకునే చోట బయటపడుతుంది. తక్కువ శబ్దానికే ఎక్కువ గరుకు. రికార్డు ప్లేయర్లో ఇలాంటి గుణం లేదు. అందుకే మొదట్లో సీడీ విన్నవాళ్లలో కొందరు "ఏదో తేడాగా ఉంది" అన్నప్పుడు అది ఊరికే అన్నమాట కాదు.

ఐటీఐలో ల్యాబ్ బోర్డు మీద ఈ ఆర్-2ఆర్ నిచ్చెన కట్టినవాళ్లకు తెలుసు. రెండే విలువల రెసిస్టర్లతో మెట్లు మెట్లుగా కడతారు. కాగితం మీద ఎంత అందంగా ఉంటుందో, చేతిలో అంత మొండిగా ఉంటుంది. మామూలు రెసిస్టర్‌కి 1 శాతమో 5 శాతమో తేడా ఉంటుంది. పదహారు బిట్ల నిచ్చెనలో పైమెట్టు 0.0015 శాతం దగ్గరికి రావాలి. అందుకే అమెరికాలోని బర్-బ్రౌన్ లాంటి కంపెనీలు చిప్పు లోపలి రెసిస్టర్లను లేజర్‌తో గీకి సరిచేసేవి. ఖర్చు అక్కడే.

ఫిలిప్స్ కంపెనీ ఇంజనీర్ రూడీ వాన్ డె ప్లాస్చే ఇంకో దారి పట్టాడు. సైట్‌లో ఇసుక కొలవడానికి రెండు తట్టలున్నాయనుకోండి, రెండూ సమానమో కాదో తెలియదు. ఒకటి ఎప్పుడూ ఒకడికే ఇస్తే వాడికి ఎప్పుడూ ఎక్కువో తక్కువో పోతుంది. మార్చి మార్చి ఇస్తే కాసేపటికి ఇద్దరికీ సమానంగా పడుతుంది. అలాగే చిప్పు లోపలి కరెంటు భాగాలను చాలా వేగంగా అటూఇటూ మార్చుతూ ఉంటే తప్పులు సగటున చెరిగిపోతాయి. రాయిని గీకకుండానే తూకం కుదిరింది. ఈ ఒక్క ఆలోచన తర్వాత నలభై ఏళ్లలో వేరే వేరే వేషాల్లో మళ్లీ మళ్లీ వచ్చింది.

1982 అక్టోబర్ 1న జపాన్‌లో సోనీ సీడీపీ-101 అమ్మకానికి వచ్చింది. ధర 1,68,000 యెన్లు. దాని వెనకే ఫిలిప్స్ సీడీ100. రెండు కంపెనీలూ కలిసి సీడీని తయారు చేశాయి గానీ, లోపల చేసిన పని మాత్రం పూర్తిగా వేరు. ఫిలిప్స్ దగ్గర అప్పటికే 14 బిట్ల డాక్ చిప్పు సిద్ధంగా ఉంది, సీడీ కూడా 14 బిట్లే అయితే చాలనుకుంది. సోనీ 16కి పట్టుబట్టి నెగ్గించుకుంది. ఇప్పుడు ఫిలిప్స్ చేతిలో 14 బిట్ల చిప్పు, ముందు 16 బిట్ల సీడీ. అక్కడి ఇంజనీర్లు చేసిన ఉపాయం వల్లే ఇవాళ మన జేబులో డాక్‌లు ఇంత చవకయ్యాయి.

దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఫిల్టర్ సంగతి చూడాలి. అంకెల నుంచి కట్టిన కరెంటు మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆ మెట్లలో అసలు పాటతో పాటు దాని నీడలు కూడా ఉంటాయి, 22,050 హెర్ట్జ్ పైన అద్దంలో బొమ్మలాగా. వాటిని ఆపాలి. అంటే 20,000 దాకా అంతా పోనివ్వాలి, 22,050 దాటగానే గోడ కట్టినట్టు ఆగిపోవాలి. సోనీ ఆ గోడను కాయిల్స్, కెపాసిటర్లతో కట్టింది. అంత నిటారు గోడ కట్టాలంటే చాలా అంచెలు కావాలి. ఒక్కో భాగంలో కొంచెం తేడా ఉన్నా పై శబ్దాల దగ్గర స్థాయి ఊగుతుంది, ఒక్కో శబ్దం ఒక్కో ఆలస్యంతో బయటకొస్తుంది. రెండు కంపెనీల గోడలు ఒకలా ఉండవు కాబట్టి రెండు ప్లేయర్లు ఒకలా వినపడవు.

ఫిలిప్స్ ఏం చేసిందంటే, ప్రతి రెండు కొలతల మధ్య మూడు కొత్త కొలతలు లెక్కగట్టి పెట్టింది. సెకనుకు 44,100 కాస్తా 1,76,400 అయ్యాయి. దాంతో నీడలు చాలా దూరం జరిగాయి. నిటారు గోడ బదులు చిన్న వాలు చాలు. పైగా 14 బిట్లకు కుదించడంలో వచ్చే తప్పును తర్వాతి కొలతలోకి నెట్టుతూ, ఆ గరగరను చెవికి అందని ఎత్తుకు తోసేసింది. అలా 14 బిట్ల చిప్పు 16 బిట్ల పని చేసింది. ఓవర్‌శాంప్లింగ్, నాయిస్ షేపింగ్ అనే మాటలు మామూలు ఇళ్లలోకి వచ్చింది ఇలాగే.

జపాన్ ప్లేయర్లు పదును, ఫిలిప్స్ ప్లేయర్లు మెత్తన అన్న పేరు ఆ రోజుల్లో పుట్టిందే. అందులో కొంత నిజం ఉంది. కొంత మాత్రం పత్రికల ఊహ. ఒక ఉదాహరణ చెప్తాను. సీడీపీ-101లో ఎడమ, కుడి రెండింటికీ ఒకే డాక్ వంతులవారీగా పనిచేసేది. దానివల్ల ఒక వైపు 11 మైక్రోసెకన్లు ఆలస్యం. దీన్ని పెద్ద లోపంగా చెప్పుకునేవాళ్లు. 11 మైక్రోసెకన్లలో గాలిలో శబ్దం వెళ్లే దూరం దాదాపు 4 మిల్లీమీటర్లు. తల అంతకంటే ఎక్కువ కదులుతుంది కదా పాట వింటూ.

1985లో ఫిలిప్స్ అసలైన 16 బిట్ల చిప్పు టీడీఏ1541 వచ్చింది. ఒకే చిప్పులో రెండు చానళ్లు. వాటిలో పరీక్షించి మేలైనవి ఏరి కిరీటం గుర్తు వేసేవారు. ఆ కిరీటం చిప్పులకు ఇప్పటికీ పిచ్చి ఉంది. ఎంత పిచ్చంటే, మామూలు చిప్పు గీకి కిరీటం అచ్చు వేసి ఆన్‌లైన్లో అమ్మేవాళ్లున్నారు. చెవితో విని నకిలీని పట్టేసిన కొనుగోలుదారు సంగతి మాత్రం నేనెక్కడా చదవలేదు. అచ్చు చూసి, కాళ్లు చూసి, మీటర్ పెట్టి పట్టుకుంటారు.

ఆ తర్వాత బిట్ల పోటీ. 16 తర్వాత 18, తర్వాత 20, ప్లేయర్ ముఖం మీద పెద్ద అక్షరాలతో. ఇంతలో 1980ల చివరికి ఫిలిప్స్ బిట్‌స్ట్రీమ్ అని, జపాన్ టెలిఫోన్ కంపెనీ ఎన్‌టీటీ కనిపెట్టిన మ్యాష్ అని వచ్చాయి. వాటి ప్రచారం "1 బిట్". నిన్నటిదాకా 20 బిట్లు గొప్ప, ఇవాళ ఒక్క బిట్ గొప్ప. అమ్మేవాడి నోటికి అడ్డేముంది. కానీ లోపల ఇంజనీరింగ్ నిజంగానే గొప్పది. తూకం రాళ్లు సమానంగా లేవనే కదా బాధ. ఒకే రాయి ఉంటే దేనితో పోల్చాలి? ఒకే స్విచ్, ఉంది-లేదు, సెకనుకు లక్షల సార్లు. ఎంతసేపు ఉంది, ఎంతసేపు లేదు అన్న సగటే పాట. ఈ డెల్టా-సిగ్మా పద్ధతిని 1962లోనే టోక్యోలో ఇనోసే, యసుదా అనే పరిశోధకులు రాసి పెట్టారు. అప్పటికి అంత వేగమైన చిప్పులు లేవు, ఇప్పుడు వచ్చాయి. బరువును ఖచ్చితంగా కొలవడం కష్టం, కాలాన్ని ఖచ్చితంగా కొలవడం సులువు. క్వార్ట్జ్ గడియారం ఐదు దిర్హాములకు వస్తుంది కదా, అదే సంగతి. లేజర్ గీకుడు ఖర్చు ఎగిరిపోయింది.

ఒక్క బిట్‌కి దాని బాధలు దానికున్నాయి. గరగర అంతా పైకి తోసేయాలి, గడియారం కొంచెం వణికినా పట్టేస్తుంది, సన్నటి ఈల లాంటి శబ్దాలు పుడతాయి. 1999లో వచ్చిన ఎస్‌ఏసీడీ ఈ ఒక్క బిట్ మీదే నడిచింది. 2001లో లిప్‌షిట్జ్, వాండర్‌కోయ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు మేలైన రికార్డింగుకు ఒక్క బిట్ పనికిరాదని గణితంతో వాదించారు. చివరికి అందరూ చేరింది మధ్యదారికి. ఐదారు బిట్లు, అన్నీ సమానమైన చిన్న చిన్న రాళ్లు, వాటిని ప్రతిసారీ కలిపి మార్చి వాడటం. అంటే తట్టలు మార్చి మార్చి ఇవ్వడమే. ఇంగ్లండ్ కంపెనీ డీసీఎస్ చాలా ఖరీదైన రింగ్ డాక్‌లో చేసేది ఇదే, ఫోన్ చిప్పులో జరిగేదీ ఇదే సూత్రం. పెట్టె ధర వేరు, అంతే.

ఇక్కడొక ఎదురు గాలి కూడా వీచింది. 1990ల రెండో సగంలో జపాన్‌లో ర్యోహెయ్ కుసునోకి అనే ఆయన, అసలు ఓవర్‌శాంప్లింగే వద్దు, ఫిల్టరే వద్దు, పాత చిప్పుతో మెట్లు మెట్లుగానే వినండి అన్నాడు. ఇవాళ ఎన్ఓఎస్ డాక్ అని అమ్మేవన్నీ ఆ బాటలోవే. వాటి గొంతు వెచ్చగా ఉంటుందంటారు. నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే దీనికి లెక్క ఉంది. మెట్లు మెట్లుగా వదిలేస్తే పై శబ్దాలు వాటంతట అవే తగ్గుతాయి. 10,000 హెర్ట్జ్ దగ్గర ముప్పావు డెసిబెల్, 20,000 దగ్గర 3.2 డెసిబెల్స్. అంటే ట్రెబుల్ బటన్ కొంచెం వెనక్కి తిప్పినట్టు. ఆ గుణం ఇష్టమైతే ఉచిత ఈక్వలైజర్ యాప్‌లో రెండు వేళ్లతో వస్తుంది. ఖరీదైన పెట్టెల్లో వాల్వ్ అవుట్‌పుట్ పెట్టి వెచ్చదనం తెచ్చేవాళ్లూ ఉన్నారు. అది వాల్వ్ కలిపే వక్రీకరణ. వినసొంపుగానే ఉండొచ్చు, కాదనను. కానీ అది పాటలో లేనిది, పెట్టె కలిపింది.

మరి మంచి డాక్‌ల మధ్య తేడా చెవికి తెలుస్తుందా? దీన్ని మాటలతో తేల్చలేం, కళ్లకు కనపడకుండా పరీక్ష పెట్టాలి. 2007లో బోస్టన్‌లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఒక పని చేశారు. ఖరీదైన ఎస్‌ఏసీడీ శబ్దాన్ని నేరుగా ఒకసారి, మామూలు సీడీ స్థాయి 16 బిట్లు, 44,100 గుండా తిప్పి ఒకసారి వినిపించారు. ఏది ఏదో విన్నవాళ్లకు తెలియదు. మొత్తం 554 సార్లలో 276 సార్లు సరిగ్గా చెప్పారు. రూపాయి బిళ్ల ఎగరేసినా అంతే వస్తుంది. 2016లో లండన్‌లో జాషువా రీస్ ఇలాంటి 18 పరీక్షల్ని కలిపి చూశాడు. 52.3 శాతం సరి అని తేలింది. అంటే ఏదో సన్నటి తేడా ఉన్నట్టే, శిక్షణ తీసుకున్నవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ. నేను ఆ ఫలితాన్ని దాచను. కానీ నూటికి యాభై అంటే ఊహ, యాభై రెండు అంటే దాని పక్క గుమ్మం. "మొదటి పాటకే పరదా తొలిగినట్టయింది" అని రాసేవాళ్ల మాటకూ ఈ అంకెకూ పొంతన లేదు.

ఇళ్లలో పోలిక పెట్టినప్పుడు తేడా ఎందుకు వినిపిస్తుంది మరి? ఎక్కువసార్లు కారణం ఒక్కటే, సౌండ్ స్థాయి. ఒక డాక్ 2 వోల్టులు ఇస్తుంది, ఇంకోటి 2.5 వోల్టులు. తేడా దాదాపు 2 డెసిబెల్స్. ఇంత చిన్న తేడా చెవికి "గట్టిగా ఉంది" అనిపించదు, "బాగుంది, నిండుగా ఉంది" అనిపిస్తుంది. షాపువాడికి ఇది తెలుసు. ఖరీదైనదాన్ని ఎప్పుడూ ఒక గీత ఎక్కువ పెట్టి వినిపిస్తాడు.

ఈఎస్ఎస్ పదును, ఏకేఎం మెత్తన అన్న మాటకు ఒక పెద్ద పరీక్ష ఎవరూ అనుకోకుండానే జరిగింది. 2020 అక్టోబర్ 20న జపాన్‌లో నొబెయోకా ఊళ్లో ఏకేఎం చిప్పుల ఫ్యాక్టరీకి నిప్పంటుకుంది. ఆరడానికి రోజులు పట్టింది. ప్రపంచమంతా ఆ చిప్పులకు కరువొచ్చింది. ఆడియో కంపెనీలు బోర్డులు మార్చి ఈఎస్ఎస్ చిప్పులు పెట్టుకున్నాయి. జర్మనీ కంపెనీ ఆర్ఎంఈ అమ్మే ఏడీఐ-2 డాక్ అందులో ఒకటి. స్టూడియోల్లో వాడే నమ్మకమైన సరుకు. అదే పెట్టె, అదే పేరు, లోపల చిప్పు మారింది. వెచ్చదనం, పదును నిజంగా చిప్పు గుణాలే అయితే ఆ పెట్టె స్వభావం రాత్రికి రాత్రి తలకిందులు కావాలి. కాలేదు. కొన్నవాళ్లు ఆన్‌లైన్లో ఎక్కువగా అడిగింది, నా పెట్టెలో ఉన్నది పాత చిప్పా కొత్త చిప్పా ఎలా తెలుసుకోవాలని. వింటే తెలియదా మరి?

అంటే అసలు తేడా ఎక్కడా లేదని కాదు. చాలా డాక్‌లలో ఫిల్టర్ ఎంచుకునే మీట ఉంటుంది. వాటిలో నెమ్మదిగా వాలేది పెడితే పై కొసన రెండు మూడు డెసిబెల్స్ తగ్గొచ్చు. బరువైన హెడ్‌ఫోన్‌కి ఫోన్ బలం చాలకపోవచ్చు, అప్పుడు మంచి యాంప్ ఉన్న డాక్ నిజంగా పనికొస్తుంది. చవక పెట్టెలో ఛార్జర్ గుర్‌మని వినపడొచ్చు. ఇవన్నీ ఉన్న తేడాలే. కానీ వీటికి పెద్ద జీతాలు పోయక్కర్లేదు.

ఇంకో వైపు నుంచి చూద్దాం. 16 బిట్లంటే దాదాపు 96 డెసిబెల్స్ పరిధి. మన రూముల్లో ఏసీ నడుస్తుంటే, పై బెడ్ మీదవాడు ఫోన్ మాట్లాడుతుంటే 40 డెసిబెల్స్ ఎప్పుడూ ఉంటుంది. ఆ 40 మీద 96 పేర్చితే 136. అది చెవి నొప్పి పుట్టే హద్దు పైన. పాత సీడీ పరిధే మన రూములో పట్టదు. ఇంక 24 బిట్లు, 120 డెసిబెల్స్ దాటిన చిప్పు ఎవరి కోసం? పాట వైపు కూడా చూడండి. 1957 నాటి మాయాబజార్ పాటలు సినిమా ఫిలిం మీద ఆప్టికల్ సౌండ్ కాలానివి. అప్పటి థియేటర్ ప్రమాణంలో 8,000 హెర్ట్జ్ పైన మిగిలేది చాలా తక్కువ. ఆ ఘంటసాల గొంతును 192 కిలోహెర్ట్జ్ ఫైల్‌గా అమ్మితే, అక్కడ లేని శబ్దం ఎక్కణ్నుంచి వస్తుంది? ఫోన్ లైన్ కత్తిరించిన 'స' అక్షరం లాంటిదే ఇదీ.

చెవి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రశ్నలు అడుగుతున్నవాళ్లలో సగం మంది నాలాగే సైట్ మనుషులు. వయసుతో పాటు పై శబ్దాలు పోతాయి. నలభై దాటినవాడికి 20,000 మాట అటుంచి, 15,000 వినిపిస్తే గొప్ప. అది సహజం. సహజం కానిది ఇంకోటి ఉంది. బ్రేకర్ దగ్గర 100 డెసిబెల్స్ దాటుతుంది. అమెరికా ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కు టైము సగం అవుతుంది. 100కి చేరేసరికి మిగిలేది 15 నిమిషాలు. ఆ దెబ్బ ముందు పడేది 4,000 హెర్ట్జ్ చుట్టూ. అక్కడ లోపలి సన్నటి కణాలు చనిపోతే మళ్లీ మొలవవు. అలా పోయినవాడికి ప్రపంచం మొత్తం పాత టెలిఫోన్ లైన్ అయిపోతుంది. పిల్లలు మాట్లాడితే వినపడుతుంది, ఏమన్నారో తెలియదు. సైట్‌లో ఊరికే ఇచ్చే ఇయర్‌ప్లగ్ జేబులోనే ఉంచుకుని, రూముకొచ్చి పదునైన డాక్ కోసం వెతికే మనిషిని చూస్తే నాకు కోపం వస్తుంది. ఫోర్‌మన్ కోపం అనుకోండి, పర్లేదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే మీరే పరీక్ష పెట్టుకోండి. రెండు డాక్‌లు, ఒకే ఇయర్‌ఫోన్, ముగ్గురు మనుషులు. ముందు స్థాయి సమానం చేయాలి. ఒక టోన్ జనరేటర్ యాప్‌లో 50 హెర్ట్జ్ టోన్ పెట్టండి, ఎందుకంటే ఎలక్ట్రీషియన్ మీటర్ సరిగ్గా కొలిచేది మెయిన్స్ దగ్గరి ఫ్రీక్వెన్సీనే. మిల్లీవోల్ట్ ఏసీ రేంజ్ ఉన్న మీటర్ కావాలి, చవకవాటిలో అది ఉండదు. వై కేబుల్ పెట్టి ఒక కొసకు ఇయర్‌ఫోన్ తగిలించి ఉంచే, రెండో కొస మీద కొలవండి. రెండు డాక్‌ల రీడింగు ఒక శాతం లోపు కలవాలి. ఫోన్ వాల్యూమ్ మెట్లు దీనికి పెద్దవి, ప్లేయర్ యాప్‌లోని ప్రీయాంప్‌తో సర్దండి. తర్వాత ఒకడు బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే రెండోది తగిలిస్తాడు. వినేవాడికి కనపడకూడదు, తగిలించినవాడు మాట్లాడకూడదు. పదిసార్లు చేయండి. ఊహతో పదికి తొమ్మిది కొట్టే అవకాశం నూటికి ఒకటి. ఎనిమిది అయితే నూటికి ఐదారు, అది లెక్కలోకి తీసుకోకండి.

ఫోన్లో జాక్ లేనివాళ్లు ఏం కొనాలంటే, యాపిల్ అమ్మే 9 డాలర్ల యూఎస్‌బీ-సీ అడాప్టర్‌లో చిటికెన వేలంత డాక్ ఉంది. కొలతల్లో అది ఎంతో ఖరీదైన పెట్టెల పక్కన నిలబడింది. కానీ ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో దాని సౌండ్ సగమే వస్తుంది, అది చిప్పు తప్పు కాదు, ఫోన్ దాని వాల్యూమ్‌ని పూర్తిగా తెరవదు. ఆండ్రాయిడ్ ఉన్నవాళ్లు అదే ధరలో దొరికే వేరే కంపెనీ అడాప్టర్ చూసుకోండి. బ్లూటూత్ ఇయర్‌బడ్ వాడేవాళ్లు ఇవేవీ కొనక్కర్లేదు. మీ డాక్ మీ చెవిలోనే ఉంది, ఫోన్‌కి ఏం తగిలించినా అది మారదు.